బడిపిల్లలకు బ్యాడ్జీలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖపట్నం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఒకచోట చేర్చాను. రాసినవారు వేర్వేరు పేటలవారు, వేర్వేరు బడులకు చెందినవారు. అయినా అందరి సందేహమూ ఇంచుమించు ఒకటే. చొక్కాకు తగిలించే బ్యాడ్జి పిల్లలను చదువు వైపు నడిపిస్తుందా, లేక చదువు మీద నుంచి దృష్టి మళ్ళిస్తుందా అని అడిగారు. కొందరు కోరినందువల్ల అందరి పేర్లూ వదిలేశాను.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతి క్లాస్ టీచర్‌ని. ఈ ఏడాది బడి తెరవగానే, ప్రతి సోమవారం అసెంబ్లీలో తరగతికి ఒకరి చొప్పున ‘స్టార్ ఆఫ్ ది వీక్’ బ్యాడ్జి ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించింది. మొదట్లో పిల్లలు పోటీపడి హోంవర్క్ చేశారు. దసరా సెలవులు వచ్చేసరికి ఆ బ్యాడ్జి నలుగురైదుగురి మధ్యే తిరుగుతోంది. మిగిలినవాళ్ళు “మాకెలాగూ రాదు కదా మేడమ్” అని పెదవి విరుస్తున్నారు. ఆపేద్దామంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: మీ తరగతిలో నలభై మంది ఉన్నారనుకుందాం. వారానికి ఒకటి చొప్పున ఇస్తే, సెలవులు పోగా ఏడాది మొత్తానికి ముప్పయ్యో ముప్పయ్యైదో ఇవ్వగలరు. అంటే ఒక్కొక్కరికి ఒక్కసారే ఇచ్చినా అందరికీ చాలవు. పిల్లలు ఈ లెక్కను మనకన్నా ముందే వేసేసుకున్నారు. వాళ్ళు పెదవి విరవడాన్ని సోమరితనంగా తీసుకోకండి, అది సరైన అంచనా. తరగతికి ఒక్క బ్యాడ్జే ఉన్నప్పుడు అది ఎవరికి దక్కినా, మిగిలిన ముప్పై తొమ్మిది మందికి చేరే కబురు “నీకు రాలేదు” అన్నదే. ఎందుకు రాలేదో, ఏం నేర్చుకుంటే వస్తుందో ఆ లోహపు ముక్క చెప్పదు. నా అభ్యంతరం బ్యాడ్జిని ఇలా రేషన్ సరుకులా పంచడం మీద.

స్కౌట్ ఉద్యమంలో బ్యాడ్జీల తీరు ఇందుకు భిన్నంగా ఉంటుంది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బ్రిటిష్ సైనికాధికారి బేడెన్ పవెల్ నడిపిన శిబిరంతో మొదలైన ఆ ఉద్యమం మన దేశంలో 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక గొడుగు కిందికి వచ్చింది. అందులో ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆ పైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కారం అని మెట్లున్నాయి. వంట, ప్రథమ చికిత్స వంటి పనులకు విడిగా ప్రావీణ్య బ్యాడ్జీలూ ఉన్నాయి. పరీక్షలో ఏం అడుగుతారో ముందే తెలుస్తుంది, నెగ్గిన ప్రతివారికీ బ్యాడ్జి వస్తుంది. దళంలో ఒకడికి వచ్చినందువల్ల పక్కవాడికి అవకాశం తగ్గదు, పైగా వచ్చినవాడు రానివాడికి నేర్పుతాడు. ఆ బ్యాడ్జి “ఇతనికి ఈ పని వచ్చు” అని చెబుతుంది. మీ సోమవారపు బ్యాడ్జి “ఇతడు మిగిలినవారికన్నా మెరుగు” అని చెబుతోంది.

ముందే ఆశ చూపడం వల్ల ఏమవుతుందో చెప్పే పరిశోధన ఒకటి విద్యాశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసిందే. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న శిశు పాఠశాలలో దాన్ని జరిపి 1973లో ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టపడుతున్న మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను ఎంచుకొని మూడు జట్లుగా విడదీశారు. బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందే చెప్పి, చెప్పినట్టే ఇచ్చారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేయడం అయ్యాక అదే పత్రాన్ని చేతికిచ్చారు. మూడో జట్టుకు ఏ పత్రమూ లేదు. ఒకటి రెండు వారాలు గడిచాక, పిల్లలు తమకు నచ్చిన ఆట ఆడుకునే వేళ అవే పెన్నులు బల్ల మీద ఉంచి చాటు నుంచి గమనిస్తే, మొదటి జట్టు పిల్లలు వాటితో గడిపిన సమయం మిగిలిన రెండు జట్ల సమయంలో సుమారు సగమే ఉంది. చెప్పకుండా పత్రం అందుకున్నవాళ్ళ ఇష్టం మాత్రం తగ్గలేదు.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని తేల్చేయకూడదు. ఈ విషయంలో పరిశోధకుల మధ్యే పెద్ద వాదం నడిచింది. బహుమతుల వల్ల జరిగే హానిని ఎక్కువ చేసి చెబుతున్నారని 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ వాదించారు. 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయన్ 128 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, ముందే మాట ఇచ్చి చేతికందించే బహుమతి సహజమైన ఆసక్తిని తగ్గిస్తుందని మళ్ళీ గట్టిగా చెప్పారు. నాకు బోధపడినంతలో, పిల్లవాడికి ఇదివరకే ఇష్టమున్న పనికి తాయిలం చూపకూడదు. ఎక్కాలు వల్లె వేయడం లాంటి, ఎవరికీ పుట్టుకతో ఇష్టముండని పనికి చిన్న ఆశ చూపితే పెద్ద నష్టమేమీ లేదు. కథల పుస్తకాలంటే ప్రాణమిచ్చే పిల్లకు ‘బెస్ట్ రీడర్’ బ్యాడ్జి ఆశ చూపడం మటుకు అనవసరమైన పని.

ఇక మీరు చేయదగినది చెబుతాను. సోమవారం అసెంబ్లీని అలాగే ఉండనివ్వండి, అక్కడ ఇచ్చేదాన్ని మార్చండి. మీ సబ్జెక్టుల నుంచి ఏడెనిమిది పనులు ఎంచుకోండి, అంతకు మించి వద్దు. ఒక్కో పనికి ఒక్కో అట్ట రాసి గోడకు అంటించండి. ఉదాహరణకు తెలుగు చదవడానికి అట్ట మీద ఇలా ఉండవచ్చు: “ఇంతకు ముందు చదవని పేజీని చివరి బెంచీకి వినపడేలా చదవాలి. కామా దగ్గర, ఫుల్‌స్టాప్ దగ్గర ఆగాలి. మూడుకు మించి తప్పులు రాకూడదు. చదివాక అందులోని సంగతి రెండు వాక్యాల్లో సొంతంగా చెప్పాలి. ఈసారి కుదరకపోతే వచ్చే వారం మళ్ళీ రావచ్చు.” ఈ చివరి వాక్యాన్ని దయచేసి వదిలిపెట్టకండి. ఏ పిల్లవాడు ఏ వారం పరీక్షకు వస్తాడో వాడినే నిర్ణయించుకోనివ్వండి. ఒక సోమవారం ఆరుగురికి బ్యాడ్జి రావచ్చు, మరో సోమవారం ఎవరికీ రాకపోవచ్చు. రాని సోమవారం ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలని యాజమాన్యం ఒత్తిడి చేస్తే మాత్రం ఒప్పుకోకండి. ఊరికే వచ్చిన బ్యాడ్జిని పిల్లలు ఇట్టే కనిపెడతారు, ఆ మరుక్షణం మిగిలిన బ్యాడ్జీల విలువ కూడా పోతుంది.

అట్ట మీద పని రాయాలి, ఫలితం రాయకూడదు. ‘గణితంలో 90 మార్కులు’ అని రాస్తే, 55 దగ్గర ఉన్న పిల్లకు ఇవాళ సాయంత్రం ఇంటికెళ్ళి ఏం చేయాలో తెలియదు. ‘నాలుగంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించి, గుణించి సరిచూసుకోవాలి’ అంటే తెలుస్తుంది. ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ అమెరికా నగరాల్లో విద్యార్థులకు డబ్బు ఇచ్చి చేసిన ప్రయోగాలు 2011లో వెలువడ్డాయి. డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకు ఒక పుస్తకం చదివి దాని మీద చిన్న పరీక్ష నెగ్గితే రెండు డాలర్లు ఇచ్చినప్పుడు, చదివినది అర్థం చేసుకునే శక్తి పెరిగింది. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకే డబ్బు ఇచ్చినప్పుడు మార్పు కనిపించలేదు. అక్కడ ఇచ్చింది బ్యాడ్జి కాకపోయినా, మీ అట్టకు పనికొచ్చే పాఠం అందులో ఉంది.

తల్లిదండ్రుల సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదు. ఇన్నాళ్ళూ నలుగురైదుగురు తల్లులే ఫోటోలు వాట్సాప్‌లో పెట్టుకున్నారు, మిగిలినవాళ్ళు చూసి ఊరుకున్నారు. ఈ కొత్త పద్ధతికి ఆ మిగిలినవాళ్ళే మీ తరఫున మాట్లాడతారు. ఇంకొక చిన్న మాట: ఒకటి, రెండు తరగతుల పిల్లల చొక్కాలకు పిన్నీసుతో ఏదీ గుచ్చకండి, నోటుపుస్తకం అట్ట మీద స్టిక్కరు అంటించినా సరిపోతుంది.

ప్రశ్న: మా పాప రెండో తరగతి చదువుతోంది. వాళ్ళ బడిలో నెలంతా ఒక్కరోజూ మానకుండా వచ్చినవారికి ‘నూరు శాతం హాజరు’ బ్యాడ్జి ఇస్తారు. గత నెల జ్వరం వచ్చి మూడు రోజులు మానవలసి వచ్చింది. నాలుగో రోజు బడికి వెళ్ళి, ఇక బ్యాడ్జి రాదని తెలిసి ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఇప్పుడేమో ఒళ్ళు వెచ్చబడితే మాకు చెప్పకుండా దాచేస్తోంది. మా ఆయన “పోనీలే, క్రమశిక్షణ అలవడుతుంది” అంటున్నారు. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: మీ భయమే సరైనదమ్మా. జ్వరం దాచిపెట్టడం క్రమశిక్షణ కాదని మీ వారికి నా మాటగా చెప్పండి. వానాకాలంలో మన ఊళ్ళో జ్వరాలు ఎలా పాకుతాయో ఆయనకూ తెలిసే ఉంటుంది. ఒళ్ళు కాలుతున్న పిల్ల బెంచీలో ముగ్గురి మధ్య కూర్చుంటే వచ్చే వారం ఆ ముగ్గురికీ బ్యాడ్జి పోతుంది.

ఈ బ్యాడ్జిని తీసేయమని ఏ బడికైనా నేను నిస్సంకోచంగా చెబుతాను. ఏడేళ్ళ పిల్ల హాజరు ఆ పిల్ల చేతిలో లేదు. ఆటో రాకపోయినా, తమ్ముడికి ఒంట్లో బాగాలేకపోయినా, ఊళ్ళో పెళ్ళికి ఇంటిల్లిపాదీ ప్రయాణమైనా పిల్ల మానక తప్పదు. తన చేతిలో లేనిదానికి బహుమతి ఇవ్వడమంటే, అది తప్పిపోయిన రోజున తన చేతిలో లేనిదానికి శిక్ష వేయడమే.

పైగా ఈ బ్యాడ్జి తాను సాధిస్తానన్న పనినీ సాధించడం లేదు. కార్లీ రాబిన్సన్, జానా గాలస్, మోనికా లీ, టాడ్ రోజర్స్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో 6 నుంచి 12 తరగతుల విద్యార్థులు 15 వేల మందికి పైగా ఉన్న ఒక పెద్ద ప్రయోగం చేశారు. వచ్చే నెలంతా మానకుండా వస్తే పురస్కారం ఇస్తామని కొందరికి ముందుగా రాశారు. అంతకు ముందు ఏదో ఒక నెలలో మానకుండా వచ్చినందుకు ఇంకొందరికి హఠాత్తుగా పురస్కారం ఇచ్చారు. ముందుగా చెప్పినవారి హాజరులో మార్పేమీ రాలేదు. హఠాత్తుగా పురస్కారం అందుకున్నవారైతే ఆ తరవాతి నెలలో, ఏమీ అందుకోని వారికన్నా ఎక్కువ రోజులు మానేశారు. “బడి నా నుంచి ఆశించినదానికన్నా, తోటివాళ్ళకన్నా నేను ఎక్కువే వస్తున్నాను, కాబట్టి ఒక రోజు మానినా ఫరవాలేదు” అన్న సంకేతం ఆ పురస్కారంలో వాళ్ళకు కనిపించి ఉంటుందని పరిశోధకులు వివరించారు.

గాజువాక ఉపాధ్యాయినికి చెప్పిన ప్రయోగంలో చెప్పకుండా ఇచ్చిన పత్రం వల్ల నష్టం లేదు, ఇక్కడ మాత్రం నష్టం జరిగిందే అని శ్రద్ధగా చదివేవారు అడగవచ్చు. అక్కడ పత్రం పిల్లలు ఇష్టపడి చేసిన పనికి వచ్చింది. ఇక్కడ అందరూ చేయవలసిన మామూలు పనిని గొప్ప పనిగా మార్చేసింది.

క్లాస్ టీచర్‌ను కలిసినప్పుడు ఫిర్యాదుగా కాక, మీ పాప జ్వరం దాచుతున్న సంగతిని ఉన్నదున్నట్టు చెప్పండి. చాలామంది టీచర్లకు ఇది తట్టి ఉండదు. ఇంట్లో పాపతో “బ్యాడ్జి ముఖ్యం కాదు” అని పదే పదే అనకండి, తనకది ముఖ్యమే. మానిన మూడు రోజుల్లో పోయిన పాఠమేదో తోటి పిల్లను అడిగి తెలుసుకొని రాసుకోవడంలో మీరు పక్కన కూర్చోండి. తిరిగి వెళ్ళిన రోజున తాను వెనకబడలేదని తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. లెక్కల యాప్‌లో వాడికి ఎన్నో బ్యాడ్జీలు వచ్చాయి, పరీక్షలో మార్కులు మాత్రం అంతంతమాత్రం. యాప్ మంచిదేనా?
– ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: వాడికి వచ్చిన బ్యాడ్జీలు దేనికి వచ్చాయో వాడి పక్కన కూర్చొని చూడండి. ఇలాంటి యాప్‌లలో కొన్ని బ్యాడ్జీలు ఒక అధ్యాయం మీద పట్టు సాధించినందుకు వస్తాయి, కొన్ని వరసగా ఇన్ని రోజులు యాప్ తెరిచినందుకు వస్తాయి. రెండో రకం యాప్ కంపెనీకి ఉపయోగం, మీ అబ్బాయికి కాదు. తెలివైన పిల్లలు తేలిక లెక్కలే మళ్ళీ మళ్ళీ చేసి బ్యాడ్జీలు పోగేయడం కూడా మామూలే. కొత్తగా బ్యాడ్జి వచ్చిన రోజున అందులోని ఒక లెక్కను కాగితం మీద చేసి, ఎందుకలా చేశాడో మీకు వివరించమనండి. వివరించగలిగితే యాప్ కొనసాగించండి. అందరి స్కోర్లూ వరసపెట్టి చూపించే పట్టిక అందులో ఉంటే దాన్ని ఆపేయండి. అమెరికాలో హానస్, ఫాక్స్ అనేవారు ఒక విశ్వవిద్యాలయ కోర్సును ఒక తరగతికి బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టికతోనూ, మరో తరగతికి అవి లేకుండానూ 16 వారాలు నడిపి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. అవి ఉన్న తరగతిలోనే ఆసక్తి తగ్గింది, చివరి పరీక్షలో మార్కులూ తగ్గాయి.

ప్రశ్న: నమస్కారమండీ. నేను ఎనిమిదో తరగతి. నాకు క్లాస్ లీడర్ బ్యాడ్జి ఇచ్చారు. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. రాస్తే ఫ్రెండ్స్ నాతో మాట్లాడటం లేదు, రాయకపోతే సార్ తిడుతున్నారు. బ్యాడ్జి తిరిగి ఇచ్చేయనా?
– ఒక విద్యార్థి, భీమిలి

జవాబు: అప్పుడే ఇవ్వకు బాబూ. ముందు మీ సార్ ఒంటరిగా ఉన్నప్పుడు స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి, నాకు రాసినంత మర్యాదగానూ ఆయనకు చెప్పు. “పేర్లు రాసే పని కాకుండా లీడర్‌గా ఇంకేదైనా పని ఇవ్వండి సార్” అని అడుగు. బడికి రాని వాళ్ళకు హోంవర్క్ అందించడం, ల్యాబ్‌కి వరసగా తీసుకెళ్ళడం, సార్ లేని పీరియడ్‌లో అందరికీ ఒక లెక్క ఇచ్చి చేయించడం లాంటివి నువ్వే సూచించు. లీడర్‌ను నెలకొకరిని మార్చమని కూడా అడగవచ్చు. మాట్లాడినవాళ్ళ మీద కాపలా పెట్టడం ఎనిమిదో తరగతి పిల్లాడికి అప్పగించవలసిన పని కాదని మీ సార్ ఈ శీర్షిక చదివితే నేను ఆయనకే మనవి చేస్తున్నాను.

ప్రశ్న: సముద్రతీరానికి దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిని. మా పిల్లల్లో చాలామంది చేపల వేటకు వెళ్ళే కుటుంబాలవాళ్ళు. బ్యాడ్జీలు చేయించడానికి నిధులు లేవు. దాతలు ముందుకొచ్చినా, తొమ్మిదో తరగతి పిల్లలు వాటిని చూసి నవ్వుతారేమోనని అనుమానం. ప్రయత్నించమంటారా?
– ఒక ప్రధానోపాధ్యాయిని, విశాఖపట్నం

జవాబు: దాతలు కొనిచ్చే మెరిసే బ్యాడ్జీలను తొమ్మిదో తరగతి పిల్లలు తప్పకుండా నవ్వులాటగా తీసుకుంటారు. ఆ వయసువాళ్ళకు పెద్దలు పైనుంచి తగిలించే ఏ గుర్తూ గిట్టదు. దేనికి గుర్తింపు ఇవ్వాలో వాళ్ళనే నిర్ణయించమంటే మాత్రం వాళ్ళ తీరు మారుతుంది. తరగతిలో ఒక పీరియడ్ కేటాయించి, “మీలో ఎవరికైనా బాగా వచ్చి, ఇంకొకరికి నేర్పగలిగిన పని ఏమిటి?” అని అడిగి, వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద రాయండి. మీ బడిలో ఆ జాబితా మామూలు బడుల జాబితాలా ఉండదని నా నమ్మకం. చిరిగిన వలను కన్ను (వలలోని గడి) తప్పకుండా అల్లడం, తాడు జారిపోకుండా కొయ్యకు కట్టడం, కానాగంత చేపకూ కవళ్ళ చేపకూ తేడా చీకట్లో తడిమి చెప్పడం, హార్బరు వేలంలో పలికే ధరను మనసులోనే కిలోల లెక్కకు మార్చడం, ఇవన్నీ అందులో వస్తాయి. స్కౌట్ పిల్లలు పుస్తకం చూసి నేర్చుకొనే ముడులు జాలారిపేట పిల్లలకు చేతివాటంగా వచ్చేసినవే. ఈ పిల్లలకు ఏమీ రాదని మన మార్కుల జాబితాలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాయి. వాళ్ళకు వచ్చినదాన్ని అవి ఎన్నడూ అడగలేదు.

ఆ జాబితా నుంచి కొన్నిటిని, మీ సిలబస్ నుంచి కొన్నిటిని కలిపి, పైన గాజువాక ఉపాధ్యాయినికి చెప్పినట్టే అట్టలు రాయించండి. వలకన్ను కొలత, వల వైశాల్యం గణితం మాష్టారికి పనికొస్తాయి. చేపల పేర్లూ, అవి దొరికే కాలాలూ జీవశాస్త్రం టీచరు రాయించవచ్చు. ముడి వేసే పద్ధతిని మాటల్లో, చదివినవాడు తప్పులేకుండా వేయగలిగేలా రాయడం తెలుగులో ఎంత కష్టమైన వ్యాసమో పిల్లలకే తెలుస్తుంది. లోహపు బ్యాడ్జి అక్కరలేదు. ప్రతి పిల్లకూ ఒక పలచని నోటుపుస్తకం కేటాయించి, ఏ పని ఏ తేదీన చేసి చూపిందో, ఎవరు పరీక్షించారో అందులో రాసి సంతకం పెడితే చాలు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో టీచరు అంచనాతో పాటు విద్యార్థి స్వీయ అంచనాకూ, తోటి విద్యార్థుల అంచనాకూ చోటుంది. అందువల్ల ఈ పుస్తకం మీకు అదనపు బరువు కానక్కరలేదు, ఆ పత్రం నింపడానికి కావలసిన సమాచారం ఇందులోనే సిద్ధంగా ఉంటుంది.

పరీక్షకులుగా టీచర్లే కూర్చోనక్కరలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి, నిషేధం మొదలయ్యాక వేసవి సెలవులకు ముందు మిగిలే కొద్ది రోజుల్లో తండ్రులు ఒడ్డునే ఉంటారు. వల పనికీ, తాడు పనికీ వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని బడికి పిలిపించి పరీక్షకులుగా కూర్చోబెట్టి, పిల్లల పుస్తకాల్లో సంతకాలు వాళ్ళ చేతే పెట్టించండి. సంతకం రానివారుంటే వేలిముద్ర తీసుకోకండి, వారి పేరు ఎలా రాయాలో ఆ పిల్ల చేతనే ముందురోజు ఇంట్లో నేర్పించమనండి.